బండి పని మనమే – 4వ పాఠం: కారుతున్న పెట్రోల్ పైపు మార్చడం

గత పాఠంలో ఎయిర్ ఫిల్టర్ చూశాం. ఈసారి ట్యాంకు కింది పెట్రోల్ కాక్ (పెట్రోలు ఆపే, వదిలే కుళాయి) నుంచి కార్బురేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) వెళ్లే జానెడు రబ్బరు పైపు సంగతి. ఇది పాత స్ప్లెండర్, ప్యాషన్ లాంటి కార్బురేటర్ బళ్లకే. ఇంజెక్షన్ బళ్ల (కార్బురేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మేవి) పైపులో పంపు ఒత్తిడి ఉంటుంది, ఇంజిన్ ఆపాక కూడా కొంత మిగులుతుంది. విప్పితే మొహాన చిమ్ముతుంది. వాటి జోలికి పోవద్దు.

ముందు కారేది ఎక్కడో తేల్చుకోండి. పైపు, కాక్, కార్బురేటర్ పొడిగా తుడిచి, పైపు మీద టాల్కం పౌడరు చల్లి, కాక్ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగండి. పౌడరు ఎక్కడ తడిస్తే లీకు అక్కడే. కార్బురేటర్ అడుగున వేలాడే సన్నటి ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి కారుతుంటే తప్పు పైపుది కాదు, కార్బురేటర్ లోపల పెట్రోలు నిండగానే ఆపే నీడిల్ వాల్వుది. చాలామంది ఇక్కడే పొరబడి కొత్త పైపు కొనేస్తారు.

పైపు ఎక్కువగా చివర్లలోనే పగులుతుంది. క్లిప్పు నొక్కుడూ, ఇంజిన్ వేడీ రెండూ అక్కడే. చివర వంచితే సన్నటి బీటలు కనిపిస్తాయి. పాత రబ్బరుకు ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా పడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, ఆరుబయట మొదలుపెట్టండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంటే పాకుతుంది. దగ్గర్లో పొయ్యి, అగరొత్తి, సిగరెట్ ఉండకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, పక్కన బకెట్ ఇసుక పెట్టుకోండి. మంటొస్తే నీళ్లు పోయొద్దు, పెట్రోలు నీళ్ల మీద తేలి మంట పాకుతుంది.

కాక్ ఆఫ్ చేయండి. నోస్ ప్లయర్‌తో స్ప్రింగ్ క్లిప్పుల చెవులు నొక్కి పైపు మధ్యకు జరపండి. పైపును లాగకుండా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. కార్బురేటర్ వైపు ముందు విప్పి, కారేది స్టీలు గ్లాసులో పట్టండి. ఊడకపోతే చివర బ్లేడుతో నిలువుగా చీల్చండి, కానీ పైపు తొడిగే లోపలి లోహపు ముక్కుకు గీత పడనివ్వకండి. గీత పడితే కొత్త పైపూ కారుతుంది.

పాత ముక్క షాపుకు తీసుకెళ్లి అదే లోపలి వ్యాసం, అదే పొడవున్న పెట్రోల్ పైపే అడగండి. నీళ్ల లెవెల్ చూసే పారదర్శక గొట్టం నెలల్లోనే గట్టిపడి పగులుతుంది. ఎంసీల్, టెఫ్లాన్ టేపు రబ్బరు మీద నిలవవు.

చివర్లు బ్లేడుతో తిన్నగా కోసి, ముక్కు మీది గుబ్బ దాటేదాకా తోయండి. క్లిప్పు గుబ్బకు వెనకాల కూర్చోవాలి. దాని మీదే కూర్చుంటే జారిపోతుంది. మరీ పొడుగ్గా ఉంచితే పైపు పైకి వంగి గాలి నిలిచి, బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పైపు ఇంజిన్ హెడ్‌ను (ఇంజిన్ పైభాగం) ఎక్కడా తాకకూడదు.

కాక్‌ను ఆన్‌లో పది నిమిషాలు, రిజర్వ్‌లో పది నిమిషాలు ఉంచి, రెండు చివర్లకూ టిష్యూ కాగితం అద్ది చూడండి. తడి తగలకపోతే, ఆవిరి పోయాక బ్యాటరీ వైరు బిగించి, స్టార్ట్ చేసి మళ్లీ అద్దండి. తడి కాక్ తిప్పే పిడి దగ్గర వస్తుంటే లోపలి వాషరు పోయినట్టు. ఆ పనికి ట్యాంకు ఖాళీ చేయాలి, అది 5వ పాఠంలో.