సారెక్‌లో నడకకు ముందు: వాగులు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

స్వీడన్ ఉత్తర భాగంలో, ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్న సారెక్, 1909లో ఏర్పడిన యూరప్ తొలి జాతీయ ఉద్యానవనాలలో ఒకటి. సుమారు 1,970 చదరపు కిలోమీటర్ల ఈ ప్రదేశంలో దాదాపు 100 హిమానీనదాలు ఉన్నాయి. ఆగ్నేయ మూలను తాకుతూ పోయే కుంగ్స్‌లెడెన్ బాటను మినహాయిస్తే గుర్తులు వేసిన దారులు లేవు, రాత్రి తలదాచుకునే వసతి గృహాలు లేవు, వంతెనలు బహు కొద్ది. స్వీడన్‌లో స్థిరపడిన తెలుగువారిలో వేసవి సెలవులకు ఇక్కడికి రావాలనుకునేవారు ముందుగా కుంగ్స్‌లెడెన్ వంటి గుర్తులున్న బాటపై కొన్ని రోజులు నడిచి, ఆ అనుభవంతోనే సారెక్‌కు రావాలని నా గట్టి అభిప్రాయం.

చాలామంది ఎలుగుబంట్ల గురించి అడుగుతారు. నిజానికి ఎక్కువగా భయపడవలసింది నీటికి. హిమానీనదాల నుంచి వచ్చే వాగు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మసకబారి ఉంటుంది. అడుగు కనిపించదు, లోతు తెలియదు. పగటి ఎండకు మంచు కరిగి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ప్రవాహం పెరుగుతుంది, రాత్రి చలికి తగ్గుతుంది. అందువల్ల పెద్ద వాగు ఎదురైతే ముందు రోజు సాయంత్రమే ఒడ్డున గుడారం వేసుకుని, తెల్లవారుజామున దాటేలా ప్రయాణాన్ని అమర్చుకోవాలి. వాన పడితే ఈ లెక్క తప్పుతుంది కనుక తిండి సరుకులు ఒకటి రెండు రోజులకు అదనంగా ఉండాలి.

ఇరుకైన చోటు దగ్గరి దారిగా కనిపించినా అక్కడే నీరు లోతుగా, వడిగా ఉంటుంది. వాగు పాయలుగా చీలి వెడల్పుగా పారే చోటునే ఎంచుకోవాలి. దిగువన జలపాతం గానీ రాళ్ల మధ్య సుడులు గానీ ఉంటే అక్కడ దిగకూడదు. నీటి అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే ఆ ప్రవాహం మనిషిని కూడా దొర్లించగలదని గ్రహించి ఆగిపోవాలి. బూట్లు తడుస్తాయని వట్టి కాళ్లతో దిగడం ప్రమాదకరం. మంచునీటిలో పాదాలు నిమిషాల్లో మొద్దుబారి పట్టు తప్పుతాయి, కాబట్టి దాటడానికి వేరే తేలికపాటి బూట్లు వెంట ఉండాలి. పడిపోతే సంచి మనిషిని కిందికి లాగకుండా నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పుకోవాలి. ఎగువ వైపు ముఖం పెట్టి, చేతికర్ర ఆసరాతో ఒక్కొక్క అడుగూ ఆనించి చూసుకుంటూ పక్కకు జరగాలి. నీరు మోకాలు దాటి ఒత్తిడి పెరిగితే వెనక్కి రావాలి.

జూన్‌లో వాగులపై మిగిలిన మంచు పలకలు పైకి గట్టిగా కనిపించినా లోపల బోలుగా ఉంటాయి. అనుభవం లేనివారు జూలై చివరి వరకు ఆగడం మంచిది. జూలైలో దోమలు విపరీతం. ఆగస్టులో కూడా ఎత్తైన చోట్ల మంచు కురవవచ్చు.

మొబైల్ సిగ్నల్ దాదాపు ఉండదు. ఉద్యానవనం నడిబొడ్డున స్కార్యా దగ్గర అత్యవసర టెలిఫోను ఉన్నా, కాలు విరిగినవారు అంత దూరం నడవలేరు. ఉపగ్రహ సంకేత పరికరం, కాగితపు మ్యాప్, దిక్సూచి తప్పనిసరి. రాపా లోయలోని విల్లో పొదల్లో నడక మ్యాప్‌పై కనిపించే దూరానికి ఎన్నో రెట్లు ఆలస్యమవుతుంది. కనుక నడిచే దారినీ తిరిగి వచ్చే తేదీనీ ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చేటప్పుడు, ఏ రోజు దాటితే 112కు ఫోన్ చేయాలో కూడా అందులో స్పష్టంగా రాయాలి.