క్లైంబింగ్ సామాను మరమ్మతు, 4వ పాఠం: నట్ తీగకు కొత్త తొడుగు

కిందటి పాఠంలో నట్‌ను, అంటే రాతి పగుళ్లలో ఇరికించే, తీగ ఉచ్చు ఉన్న లోహపు ముక్కను, కడిగి ఆరబెట్టాం. ఇప్పుడు తీగ మీద చిరిగిన ప్లాస్టిక్ తొడుగు మారుద్దాం. ఈ తొడుగు బరువు మోయదు. నొక్కి బిగించిన ఫెర్రుల్ (తీగ కొసలను కలిపి పట్టే లోహపు గొట్టం) దగ్గర తీగ కొసలు చేతికి గుచ్చుకోకుండా, రాతి రాపిడి తగలకుండా చూడటమే దాని పని. దెబ్బతిన్న తీగకు కొత్త తొడుగు వేస్తే ప్రమాదాన్ని కప్పిపెట్టినట్టే. తయారీదారు ఇచ్చిన కాగితంలో తొడుగు మార్చవద్దని ఉంటే ఆ పని పెట్టుకోకండి.

ముందు పాత తొడుగు మీది సైజు అంకె రాసుకోండి. దాన్ని కత్తితో నిలువునా చీల్చవద్దు, బ్లేడు తగిలి తీగ పోగుకు గాటు పడుతుంది. అంచు పైకి లేపి, మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర దూర్చి కొద్దికొద్దిగా కత్తిరించండి. గట్టిపడి ఉంటే వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. తీశాక తీగను తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

ఈ పాఠంలో అసలైన పని ఇప్పుడే. ఇన్నాళ్లూ కనబడని భాగం బయటపడింది. నూలు గుడ్డను తీగ వెంట రెండు వైపులకూ లాగండి. దారం ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పోగు తెగిందన్నమాట. ఒక్క పోగు తెగినా, తుప్పు గుంటలు పడినా, తీగ మడతపడినా, ఫెర్రుల్‌కు పగులు వచ్చినా, అది జారినట్టు కనిపించినా ఆ నట్‌ను పక్కన పెట్టేయండి. మళ్లీ ఎవరూ వాడకుండా తీగ కోసేయండి.

తీగ బాగుంటే కొత్త తొడుగుగా వేసే హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) కొలత చూద్దాం. పక్కపక్కనే ఉన్న తీగ రెండు పేటలను కలిపి చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. 3 మి.మీ. తీగ రెండు పేటలకు చుట్టుకొలత సుమారు 15.4 మి.మీ. వస్తుంది, అంటే భాగిస్తే 4.9 మి.మీ. ముడుచుకున్నాక ట్యూబ్ వ్యాసం ఇంతకన్నా తక్కువ ఉండాలి. 12 మి.మీ. ట్యూబ్ 2:1 రకమైతే (సగానికి ముడుచుకునేది) 6 దగ్గరే ఆగి వదులుగా తిరుగుతుంది. అదే 3:1 రకం (మూడో వంతుకు ముడుచుకునేది) 4 వరకు ముడుచుకుని బిగుస్తుంది, పైగా ఫెర్రుల్ మీదుగా తేలిగ్గా దూరుతుంది. లోపల జిగురు ఉన్నది వద్దు. తీగకు అంటుకుపోయి వచ్చేసారి పరీక్షించడానికి అడ్డొస్తుంది. పారదర్శకంగా ఉన్నది దొరికితే మరీ మంచిది.

పొడవు కూడా కొంత తగ్గుతుంది కాబట్టి పదో వంతు అదనంగా కోయండి. కారబైనర్ (తాడును కలిపే లోహపు కొక్కెం) తగిలించే వైపు నుంచి, తీగ వంగకుండా మెల్లగా దూర్చండి. కారబైనర్ ఆనే వంపు మాత్రం బయటే ఉండాలి.

నట్ తలకు తడిగుడ్డ చుట్టి, హీట్ గన్‌ను తక్కువ వేడిలో, ఓ జానెడు దూరంలో పట్టండి. నడుమ మొదలుపెట్టి అంచుల వైపు కదుపుతూ పోతే లోపలి గాలి బయటికి పోతుంది. ఒకే చోట ఆపితే బుడగలు వచ్చి ప్లాస్టిక్ మాడుతుంది. మంట అసలు వాడవద్దు.

చల్లారాక తిప్పి చూడండి. జారితే కొలత తప్పింది, తీసేసి మళ్లీ వేయండి.

వచ్చే పాఠంలో క్యామ్ (పగుళ్లలో విచ్చుకుని పట్టే స్ప్రింగ్ పరికరం) తీగల తొడుగు. చాలా క్యామ్‌లకు డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ నారతో చేసిన స్లింగ్ (పట్టీ ఉచ్చు) ఉంటుంది, అది సుమారు 145 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని వేడి తగలకుండా ఎలా కాపాడాలో అక్కడే మొదలుపెడదాం.