పాత కారు పెడల్ అసెంబ్లీ విప్పే ముందు జాగ్రత్తలు

- బ్యాటరీ నెగటివ్ తీసేయండి, చక్రాలకు అడ్డు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

- పెడల్‌ని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్ కొక్కెం ఏ రంధ్రంలో ఉందో, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పకముందే ఫొటో తీసుకోండి.

- డ్యాష్‌బోర్డ్ కింద వెల్లకిలా పడుకుని చేసే పని కదా, రిటర్న్ స్ప్రింగ్ జారిందంటే నేరుగా మొహం మీదికే వస్తుంది, కాబట్టి సేఫ్టీ గ్లాసెస్ తప్పనిసరి.

- బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది. కింద గుడ్డ పరవండి.

- పాత స్ప్లిట్ పిన్నులు (చివర్లు విడదీసి వంచేవి) బాగానే ఉన్నాయనిపించినా మళ్లీ వాడొద్దు. పెడల్‌ని పుష్‌రాడ్‌కి (బ్రేక్ సిలిండర్‌ని తోసే కడ్డీకి) కలిపే క్లెవిస్ పిన్నుని గోరుతో గీరి చూడండి, గాడి తగిలితే అదీ మార్చాల్సిందే.

- అసలు తలనొప్పి పుష్‌రాడ్ ఫ్రీ ప్లే దగ్గరే, అంటే ఆ కడ్డీ పిస్టన్‌ని తోయడం మొదలుపెట్టేలోపు ఉండే కొద్దిపాటి ఖాళీ. అది లేకపోతే మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఫ్లూయిడ్‌ని ఒత్తిడితో పంపేది) పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కాలు తీసినా బ్రేకులు పట్టేసే ఉంటాయి, డ్రమ్ములు వేడెక్కిపోతాయి. ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.