మన తరువాత మన ఫోను – 3వ పాఠం: మాట పడిపోయిన రోజుకు తాళంచెవి

మొదటి పాఠంలో మన ఖాతాల జాబితా రాశాం. రెండవ పాఠంలో బ్యాంకు, పీఎఫ్, బీమా, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా అన్నింటిలో నామినీ పేరు ఉందో లేదో చూసుకున్నాం. ఆ రెండూ ఇంకా పూర్తి చేయనివారు ముందు అవి ముగించి రండి. ఈ రోజు పని ఆ జాబితాతోనే.

ఈ పాఠంలో మరణం గురించి తక్కువ, బతికి ఉండి మాట్లాడలేని రోజుల గురించి ఎక్కువ మాట్లాడుకుందాం. నామినీ పేరు రాశాం కదా, ఇక దిగులు లేదని చాలామంది అనుకుంటారు. నామినీకి పని మొదలయ్యేది మరణ ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చాకే. మనిషి ఐసీయూలో ఊపిరి తీసుకుంటున్నంత కాలం, ఆ ఖాతా విషయంలో నామినీకి ఏ అధికారమూ లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే డబ్బు అవసరం, కాగితాల అవసరం, ఫోను అవసరం.

మా మేనమామకు మూడేళ్ల క్రితం తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ ఒకేసారి పోయాయి. ఆస్పత్రిలో బీమా కౌంటరు దగ్గర పాలసీ నంబరు అడిగారు. పాలసీ కాగితం మామయ్య ఈమెయిల్‌లో ఉంది, మెయిల్ ఆయన ఫోనులో ఉంది. ఫోను ఆయన వేలిముద్రతో తెరుచుకుంటుంది కాబట్టి అత్తయ్య ధైర్యంగానే ఉంది. ఆ కంగారులో ఎవరికీ ఛార్జింగ్ సంగతి గుర్తు రాలేదు. మధ్యాహ్నానికి ఫోను ఆగిపోయింది. ఛార్జర్ తెచ్చి మళ్లీ ఆన్ చేస్తే వేలిముద్ర ఒప్పుకోలేదు, పిన్ అడిగింది. అత్తయ్య పెళ్లి సంవత్సరం కొట్టింది. కొడుకు పుట్టిన సంవత్సరం కొట్టింది. పాత స్కూటరు నంబరు కొట్టింది. ఇంకో రెండు తప్పులయ్యాక, కాసేపు ఆగి ప్రయత్నించమని తెర మీద వచ్చింది. మంచం మీద నుంచి మామయ్య ఎడమ చేతి వేళ్లు ఎత్తి చూపించసాగాడు. నాలుగు. తరువాత రెండు. ఆ తరువాత వేళ్లు వణికి మూడో నాలుగో తెలియలేదు. ఎంత ప్రయత్నించినా మేము అర్థం చేసుకోలేకపోతే ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు అడ్వాన్సు బంధువులమంతా కలిసి కట్టాం. పాలసీ నంబరు నాలుగో రోజున ఏజెంటు ద్వారా దొరికింది. నేను ఈ పాఠాలు రాయడం ఆ నాలుగు రోజుల వల్లే మొదలుపెట్టాను.

వేలిముద్రను నమ్ముకోకండి

స్మార్ట్‌ఫోన్ల పద్ధతి ఇది: ఒకసారి ఆగి మళ్లీ వెలిగాక మొదటిసారి పిన్, ప్యాటర్న్ లేదా పాస్‌వర్డ్ ఇవ్వాల్సిందే. వేలైనా ముఖమైనా ఆ తరువాతే పనిచేస్తుంది. అందుకే మీ ఫోను పిన్ ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి, లేదా వారికి దొరికే చోట కాగితం మీద ఉండాలి. ప్యాటర్న్ వాడేవారు దానిని పిన్‌గా మార్చుకోండి. గీతను ఇంకొకరికి చెప్పడం కష్టం, అంకెలు చెప్పడం తేలిక. మామయ్య చేతి వేళ్లతో చెప్పబోయింది కూడా అంకెలే.

పిన్ లేకుండానే కనిపించేది ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో అత్యవసర సమాచారం, ఐఫోనులో హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీ. బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు, ఎవరికి ఫోను చేయాలో అక్కడ నింపితే, తాళం తీయకుండానే లాక్ స్క్రీన్ మీది ఎమర్జెన్సీ బటన్ ద్వారా ఎవరైనా చూడగలరు. చదవడం ఆపి ఇప్పుడే నింపండి, ఐదు నిమిషాల పని.

నంబరు ఎవరి పేరు మీద ఉంది?

మన దేశంలో డిజిటల్ జీవితానికి మూలం మొబైల్ నంబరు. బ్యాంకుకు అదే, ఆధార్‌కు అదే, మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చేదీ దానికే. అయినా ఆ నంబరు ఎవరి పేరు మీద నమోదై ఉందో చాలా ఇళ్లలో తెలియదు. పదేళ్ల క్రితం అల్లుడి ఆధార్ మీద తీసుకున్న సిమ్ అత్తగారి చేతిలో ఉంటుంది. అన్నయ్య పేరు మీది సిమ్ తమ్ముడు వాడుతుంటాడు. సిమ్ పోయి మరొకటి తీసుకోవాల్సి వచ్చినప్పుడు, ఎవరి పేరు మీద ఉందో వారే రావాలంటారు. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూడవచ్చు. ఇంట్లో అందరిచేతా చూపించి, ఎవరు వాడే నంబరు వారి పేరుకు మార్పించండి.

మంచం పట్టిన మనిషి ఫోనుకు రీఛార్జి చేయడం ఇంటివాళ్లు మరిచిపోయే మొదటి పని. 90 రోజులపాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపివేయవచ్చు. ఆపాక కనీసం మరో 90 రోజులు గడిస్తే అదే నంబరును కొత్తవారికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ నాన్నగారి బ్యాంకు ఓటీపీ ఎవరో తెలియని మనిషికి వెళుతుంది. వాట్సాప్ కూడా 120 రోజులు వాడకం లేని ఖాతాను సాధారణంగా తొలగిస్తుంది. మనిషి కోలుకుంటున్నా, కాలం చేసినా, ఖాతాల పనులన్నీ తేలేవరకు ఆ సిమ్‌ను బతికించండి. నా లెక్కలో అది కనీసం ఒక ఏడాది.

డబ్బు సంగతి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మొదటి తప్పు, పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసేందుకు మరొకరికి రాసిచ్చే అధికార పత్రం, ఉందని ధీమా పడటం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తి మరణించినా మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. అంటే కోమాలోకి వెళ్లినప్పుడు అక్కరకు వస్తుందనుకున్న కాగితం, కోమాలోకి వెళ్లగానే చెల్లకుండా పోతుంది. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించడానికి మనకు ప్రత్యేక చట్టం లేదు. కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది. కేరళ హైకోర్టు 2019లో ఇటువంటి కేసులోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండవ తప్పు, భార్యకో కొడుక్కో యూపీఐ పిన్ చెప్పి ఉంచడం. ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ పిన్ ఎవరికీ చెప్పరాదన్న బ్యాంకు షరతు ఇంటివాళ్లకూ వర్తిస్తుంది. ఇక మనిషి పోయాక ఆ పిన్‌తో డబ్బు తీయడం, మిగతా వారసులు నిలదీస్తే కేసుల దాకా పోయే వ్యవహారం. అంత్యక్రియల ఖర్చుకే తీశామని చెప్పినా తగాదా ఆగదు.

దీనికి మందు పాతకాలపుదే: జాయింటు ఖాతా. పాస్‌బుక్కు మొదటి పేజీ తెరిచి, ఖాతా నడిపే విధానం అన్న చోట ఏమి రాసి ఉందో చూడండి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా తమ సంతకంతో, తమ కార్డుతో, తమ పిన్‌తో డబ్బు తీయవచ్చు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే, మొదటి పేరుగలవారు జీవించి ఉన్నంత కాలం రెండవవారు తీయలేరు. ‘జాయింట్లీ’ అని ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి, ఒకరు ఐసీయూలో ఉంటే రెండవవారు అక్కడితో ఆగిపోవాలి. మామయ్య ఖాతాలో అత్తయ్య పేరు ఉంది, పద్ధతి మాత్రం రెండవది. ముప్పై ఏళ్ల క్రితం ఫారంలో ఎవరో గుర్తు పెట్టిన చోటే అది నిలిచిపోయింది.

కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆస్పత్రి అడ్వాన్సుకు సరిపడే మొత్తం ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో ఉంచండి. రెండవవారికి వారి పేరుతో వేరే డెబిట్ కార్డు, వారి సొంత నంబరు మీద వేరే యూపీఐ పెట్టించండి. ఉన్న డబ్బంతా అందులో వేయమని నేను చెప్పను, నలుగురు పిల్లలున్న ఇళ్లలో అది కొత్త చిక్కులు తెస్తుంది.

మనిషి స్పృహలో ఉండి సంతకం చేయలేకపోతే మరో దారి ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అనారోగ్యంతో ఉన్న ఖాతాదారు వేలిముద్రను, చేతి వేలు కుదరకపోతే కాలి బొటనవేలి ముద్రను కూడా, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల సమక్షంలో తీసుకోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఈ సంగతి కౌంటరులో అడిగితే కొత్త ఉద్యోగులకు తెలియకపోవచ్చు. మేనేజరును కలిసి అడగండి.

కవరు

ఇప్పుడు చేతిపని. ఒక తెల్ల కాగితం, నీలం పెన్ను తీసుకోండి. ఫోనులో టైపు చేయకండి, చేతితో రాయండి.

పైన ఫోను పిన్. దాని కింద మీ ముఖ్యమైన మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్. ఆ కింద గూగుల్ బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఖాతాలో భద్రతా విభాగం, అందులో రెండు దశల ధ్రువీకరణకు వెళితే 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. పాస్‌వర్డ్‌తో పాటు ఈ కోడ్ ఉంటే, మీ ఫోను పగిలిపోయినా ఓటీపీ రాకున్నా ఇంకో కంప్యూటర్‌లో మెయిల్ తెరవవచ్చు. ఆ తరువాత ఆరోగ్య బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, ఏజెంటు నంబరు. చివరగా నెలనెలా ఖాతా నుంచి వాటంతట అవే కట్ అయ్యేవి: ఇంటి ఈఎంఐ, బీమా ప్రీమియం, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్ నెల వాయిదాలు), ఏ తేదీన, ఏ ఖాతా నుంచి. ఏటీఎం పిన్, యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఈ కాగితం మీద వద్దు. జాయింటు ఖాతా ఉన్నాక వాటితో ఎవరికీ పని లేదు.

మా అమ్మ చేత ఈ కాగితం చదివించి చూశాను. పాస్‌వర్డ్‌లో నేను రాసిన సున్నాను ఆమె ‘ఓ’ అనుకుంది, చిన్న ‘ఎల్’ను ఒకటి అనుకుంది. మూడుసార్లు తప్పయింది. అప్పటి నుంచి అనుమానం వచ్చే ప్రతి అక్షరం కింద తెలుగులో చిన్నగా రాస్తున్నాను: సున్నా, చిన్న ఎల్, పెద్ద ఎస్, మధ్యలో ఖాళీ లేదు. మీరూ అలాగే రాయండి.

కాగితాన్ని కవరులో పెట్టి అతికించి, అతుకు మీద సంతకం చేసి తేదీ వేయండి. ఎవరైనా తెరిస్తే తెలియాలి. ఇంటి దస్తావేజులు ఉండే చోటే ఉంచండి. బ్యాంకు లాకరులో మాత్రం పెట్టకండి. లాకరు మీ ఒక్కరి పేరు మీద ఉంటే, అవసరమైన రోజున దానిని తెరవలేరు.

గూగుల్, ఆపిల్, మిగిలినవి

గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. ఎన్నాళ్లు మీ అలికిడి లేకపోతే ఖాతా మూగబోయినట్టు లెక్కించాలో మీరే చెప్పవచ్చు: 3, 6, 12 లేదా 18 నెలలు. గడువు తీరేముందు మీకే సందేశాలు పంపి చూస్తుంది. జవాబు లేకపోతే, మీరు ఎంచుకున్నవారికి, పదిమంది వరకు, మీరు చెప్పిన మేరకు సమాచారం అందిస్తుంది. ఫొటోలు ఒకరికి, మెయిల్ ఇంకొకరికి ఇవ్వవచ్చు. 3 నెలలు ఎంచుకోండి. పిల్లలు విదేశాల్లో ఉంటే, వారి నంబరుగా అక్కడ ఇప్పుడు వాడుతున్న నంబరు ఇవ్వండి. డల్లాస్ వెళ్లిన అబ్బాయి ఇక్కడి పాత సిమ్‌ను రెండేళ్లకే వదిలేస్తాడు, గూగుల్ ధ్రువీకరణ కోడ్ ఆ నంబరుకే పంపుతుంది. తక్కువలో తక్కువ గడువే 3 నెలలు కాబట్టి ఆస్పత్రి రోజులకు ఇది అందదు. కవరు అందుకే.

ఆపిల్ లెగసీ కాంటాక్ట్, అంటే మన తరువాత మన ఖాతా చూసేవారి పేరు ముందే పెట్టుకునే ఏర్పాటు, 2021 డిసెంబరులో వచ్చింది. ఐదుగురిని పెట్టవచ్చు. వారికి, పేరు పెట్టినప్పుడు ఆపిల్ ఇచ్చే యాక్సెస్ కీతో పాటు మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, కాబట్టి అదీ మరణం తరువాతే. ఫేస్‌బుక్ లెగసీ కాంటాక్ట్ మీ సందేశాలు చదవలేరు. స్మారక పేజీని చూసుకుంటారు, అంతే.

చట్టంలో ఒక వెలుగు ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్, మరణానికే కాక అశక్తతకు కూడా నామినీని పెట్టుకునే హక్కు ఇస్తుంది. నియమావళి 2025 నవంబరులో వచ్చింది, ఈ హక్కుల భాగం అమలుకు 18 నెలల గడువు పెట్టారు. అశక్తత అన్న మాట ఒక చట్టంలోకి ఎక్కినందుకు నాకు చాలా సంతోషం. ఆ రోజు వచ్చేదాకా మన ఏర్పాటు మనం చేసుకోవాలి.

ఇంటి పని

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. మీ ఫోను ఆపి, కవరుతో సహా మీ జీవిత భాగస్వామి చేతికో, కొడుకు చేతికో, కూతురి చేతికో ఇచ్చి పక్క గదిలోకి వెళ్లండి. ఏమి అడిగినా జవాబు ఇవ్వకండి. వారు మూడు పనులు చేయాలి: ఫోను తెరవాలి, బీమా పాలసీ కాగితం బయటికి తీయాలి, ఈ నెల ఏ తేదీన ఏ ఈఎంఐ కట్ అవుతుందో చెప్పాలి. ఎక్కడ ఆగారో అక్కడ ఒక గీత పెట్టుకోమనండి. గంట తరువాత ఇద్దరూ కూర్చుని, ఆ గీత ఉన్న చోట కాగితం తిరిగి రాసి, వాడిన బ్యాకప్ కోడ్ కొట్టివేసి, కొత్త కవరులో పెట్టి అతికించండి.

వచ్చే పాఠం వీలునామా. వీలునామా ఇప్పటికీ కాగితం మీదే, ఇద్దరు సాక్షుల సంతకాలతోనే చెల్లుతుంది. మొదటి పాఠంలోని జాబితాను దగ్గర పెట్టుకోండి. సాక్షులుగా, మీ ఆస్తిలో వాటా లేని ఇద్దరు మనుషులు ఎవరో ఈ వారంలో ఆలోచించి ఉంచండి.