పిల్లల ఊలు టోపీ కుదరలేదా? తేడా ఎక్కడొచ్చిందో చూడండి

అనంతపురంలో చలి అంటే డిసెంబరు, జనవరి తెల్లవారుజాములే. పొద్దున్నే స్కూలు బస్సెక్కే పిల్లాడికి టోపీ కావాలి, పదయ్యేసరికి అది బ్యాగులోకి పోతుంది. మనం చూసి నేర్చుకునే వీడియోలేమో ఎక్కువగా మంచు కురిసే ఊళ్లవాళ్లవి. లావు దారం, రెండు పొరలు. వాళ్ల లెక్క వాళ్ల చలికి. ఇక్కడికి ఒక్క పొర, సన్న ఊలు చాలు. కింద చెప్పేదంతా రెండు సూదులతో అల్లి, వెనక కుట్టేసే మామూలు టోపీ గురించి.

టోపీ కళ్ల మీదికి జారుతోంది

తల కొలిచి ఉంటారు, అల్లిక కొలిచి ఉండరు. నాలుగేళ్ల పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెం.మీ. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ 46 సెం.మీ. దగ్గర ఉండాలి. మీ అల్లికలో 10 సెం.మీ.కి 22 కుట్లు పడితే, 100 కుట్లకు 45 సెం.మీ. పైచిలుకు వస్తుంది. సరిపోయింది. చేయి కాస్త వదులై 20 కుట్లే పడితే అవే 100 కుట్లు 50 సెం.మీ. అవుతాయి, టోపీ ముక్కు దాకా దిగుతుంది.

అందుకే ముందు 30 కుట్లతో అరచేయంత ముక్క అల్లి, తడిపి, ఆరాక మధ్యలో 10 సెం.మీ. కొలవండి. కుట్లు తక్కువ పడితే సన్న సూదికి మారండి. ఇక్కడో తిరకాసుంది. మన అంగళ్లలో చాలా సూదుల మీద ఇంకా పాత నంబర్లే ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. 8 నంబరు అంటే 4 మి.మీ., 10 నంబరు అంటే 3.25 మి.మీ. వీడియోలో 4 మి.మీ. అన్నారని 4 నంబరు సూది తెచ్చుకుంటే అది 6 మి.మీ. సూది! ఇక టోపీ వదులు కాక ఏమవుతుంది?

ఇప్పటికే అల్లేసి ఉంటే అంచు లోపలివైపు సన్న ఎలాస్టిక్ దారం ఎక్కించండి. వచ్చే ఏడాదికి సరిపోతుందిలే అని దాచిపెట్టడం దండగ. ఆ వయసు దాటాక తల చాలా నిదానంగా పెరుగుతుంది.

తలకు దూరడం లేదు, నుదుటి మీద గీత పడుతోంది

పైన అల్లిక బాగానే సాగుతూ అంచు ఒక్కటే బిగుసుకుంటే, మొదటి కుట్లు ఎక్కించేటప్పుడు దారం గట్టిగా లాగారన్నమాట. ఆ ఒక్క వరసకు రెండు సూదులు కలిపి పట్టుకుని కుట్లు ఎక్కించి, తర్వాత ఒకటి తీసేయండి. పూర్తయిన టోపీని మొత్తం విప్పనక్కర్లేదు. అంచుకు రెండు వరసల పైన ఒక కుట్టు కత్తిరించి, ఆ వరస దారం మెల్లగా లాగుతూ పైన తెరుచుకున్న కుట్లను సన్న సూదికి ఎక్కించి, లావు సూదితో వదులుగా ముగించండి. ఓపిక కావాలి, అంతే.

అంచు పైకి చుట్టుకుంటోంది

ముందువైపు నిట్ (సూటి కుట్టు), వెనకవైపు తిరగ కుట్టు అయిన పర్ల్‌గా సాగే సాదా అల్లిక చుట్టుకునే తీరుతుంది, అది మీ తప్పు కాదు. ఇస్త్రీ పెట్టి అణచాలని చూడొద్దు. యాక్రిలిక్ ఊలైతే వేడికి చచ్చుబడిపోయి, సాగినా మళ్లీ దగ్గరికి రాదు. మొదటి 4-5 సెం.మీ. రెండు నిట్, రెండు పర్ల్‌గా రిబ్ (నిలువు చారల అల్లిక) అల్లండి. 100 బదులు 102 కుట్లు ఎక్కించి, రెండు నిట్‌తో మొదలుపెట్టి రెండు నిట్‌తోనే ముగిస్తే, వెనక కుట్టులోకి అటొకటి ఇటొకటి పోయి రిబ్ తెగకుండా కలుస్తుంది.

మధ్యలో నిచ్చెనలా గీత, లేదా చిన్న చిల్లు

నిచ్చెనలా ఉంటే కుట్టు జారిపోయింది. కంగారుపడి లాగొద్దు, ముందు ఆ వదులు కుట్టుకు పిన్నీసు పెట్టండి. నున్నటి వైపు మీకు ఎదురుగా పెట్టుకుని, క్రోషే కొక్కేన్ని ముందు నుంచి ఆ కుట్టులోకి దూర్చండి. దాని పైనే అడ్డంగా కనిపించే మొదటి దారాన్ని కొక్కేనికి తగిలించి కుట్టులోంచి ముందుకు లాగండి. ఇప్పుడు అదే కొత్త కుట్టు. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైదాకా వచ్చి ఎడమ సూదికి ఎక్కించండి. మెట్టు దాటేస్తే అక్కడ గుంట కనిపిస్తుంది.

చిల్లు ఉండి కుట్ల లెక్క పెరిగిందా? దారం పొరపాటున సూది మీదుగా పోయింది. తర్వాతి వరసలో దాన్ని అల్లకుండా సూది మీంచి జారవిడవండి. లెక్క అంచుల దగ్గరే పెరుగుతుంటే, వరస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పోయి ఒక కుట్టు రెండుగా కనిపిస్తోందని అర్థం.

నెత్తిన మొన తేలింది

కుట్లు తగ్గించడం మరీ నిదానంగా చేశారు. అంచు నుంచి 13 సెం.మీ. దాటాక, చివరి రెండు కుట్లు మామూలుగా అల్లడానికి ఉంచి, మిగతా వరసంతా ఎనిమిది అల్లి రెండు కలపండి. తర్వాతి నిట్ వరసలో ఏడు అల్లి రెండు, ఆపైన ఆరు, ఇలా తగ్గించుకుంటూ పోండి. పర్ల్ వరసలు మామూలే. 12 కుట్లు మిగిలాక దారం దూర్చి బిగించండి.

పిల్లాడు పీకి పారేస్తున్నాడు

దురద కావచ్చు, చెమట కావచ్చు. మన గొర్రెల ముతక ఉన్ని గొంగళికి సరైనదే గానీ పసి నుదుటికి గుచ్చుకుంటుంది. మెత్తటి బేబీ ఊలు వాడండి. నూలు దారమైతే వాడేకొద్దీ వదులవుతుంది కాబట్టి ఇంకాస్త సన్న సూది పట్టండి. ఏడాదిలోపు పిల్లల టోపీకి గడ్డం కింద కట్టే తాళ్లు పెట్టొద్దు, నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయండి.