ఆఫీసు కంప్యూటర్లలో అప్‌డేట్ ఇన్‌స్టాల్ కాకపోతే

ఒకే అప్‌డేట్ పది కంప్యూటర్లలో ఆగిపోయినప్పుడు ‘రీట్రై’ నొక్కుతూ కూర్చోవడం మాని, ఏ కంప్యూటర్‌లో అయింది, దేనిలో కాలేదు, మోడల్, విండోస్ వెర్షన్, ఎర్రర్ కోడ్ ఏమిటి అన్నవి ఒక పట్టికగా రాసుకోవాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వెండర్‌కు ఫోన్ చేసేముందు ఈ పట్టిక చేతిలో ఉండి తీరాలి. కారణం చాలాసార్లు అయినవాటికీ కానివాటికీ మధ్య ఉన్న తేడాలోనే దొరుకుతుంది.

2024 జనవరి 9న విండోస్ 10కు వచ్చిన కేబీ 5034441 అనే అప్‌డేట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) రక్షణను దాటడానికి వీలిచ్చే లోపాన్ని సరిదిద్దే ఈ అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో, అంటే విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలు (రికవరీ ఎన్విరాన్‌మెంట్) ఉండే డిస్క్ భాగంలో, 250 ఎంబీ ఖాళీ కావాల్సి ఉండేది. అది లేనిచోట 80070643 అనే కోడ్ కనిపించేది. ఇన్‌స్టాలేషన్ విఫలమైందనే తప్ప స్థలం చాలలేదని ఆ కోడ్ చెప్పదు. స్థలం కావలసింది రికవరీ పార్టిషన్‌లో కాబట్టి, సీ డ్రైవ్‌ను ఎంత ఖాళీ చేసినా ఫలితం ఉండదు. పైగా విండోస్‌లో పార్టిషన్లను చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే రికవరీ పార్టిషన్ నూటికి నూరు శాతం ఖాళీ అని చూపిస్తుంది, దానిని నమ్మకూడదు.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘రీఏజెంట్‌సీ’ ఇన్ఫో కమాండ్ (reagentc /info) ఇస్తే, రికవరీ ఎనేబుల్ అయి ఉందో లేదో, ఏ డిస్క్‌లో ఎన్నో పార్టిషన్‌లో ఉందో తెలుస్తుంది. రికవరీ ఎన్విరాన్‌మెంటే లేని కంప్యూటర్‌కు ఈ అప్‌డేట్ అవసరం ఉండేది కాదు. మిగిలినవాటిలో రికవరీని డిజేబుల్ చేసి, విండోస్ పార్టిషన్‌ను 250 ఎంబీ తగ్గించి, దాని పక్కనే ఉన్న రికవరీ పార్టిషన్‌ను తొలగించి, పెద్దదిగా మళ్లీ సృష్టించి, రికవరీని తిరిగి ఎనేబుల్ చేయాల్సి వచ్చేది. పార్టిషన్లను మార్చే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ సాధనంలో ఒక్క అంకె తప్పు కొడితే డేటా మొత్తం పోయే ప్రమాదం ఉంది. అందుకే బ్యాకప్ తీసి, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని వేరేచోట భద్రపరచకుండా ఎవరినీ, వెండర్ ఇంజనీర్‌నైనా సరే, పార్టిషన్లను ముట్టుకోనివ్వకండి.

‘ఫార్మాట్ చేస్తే సరిపోతుంది’ అని వెండర్ అంటే వెంటనే ఒప్పుకోవద్దు. విండోస్ ఫోల్డర్‌లోని లాగ్స్‌లో ఉండే సీబీఎస్ లాగ్‌ను (అప్‌డేట్ ఇన్‌స్టాలేషన్ వివరాలు నమోదయ్యే ఫైల్) పట్టికతో కలిపి పంపి, టికెట్ నంబర్ తీసుకుని, కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. విఫలమైన కంప్యూటర్లలో ఒకదానిని ఏమీ మార్చకుండా వారి పరిశీలనకు ఉంచండి. పరిష్కారాన్ని మొదట ఒక్కదానిలోనే అమలుచేసి, ప్రింటరూ బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ మామూలుగా పనిచేస్తున్నాయని రెండు రోజులు చూశాకే మిగతావాటి జోలికి వెళ్లండి.