పెద్దవాళ్లకు టీవీ మాట స్పష్టంగా వినబడాలంటే

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ఆటో హారన్ల మధ్య నాన్నగారికి వార్తలు వినబడాలని సౌండు పెంచితే పిల్లల చదువు సాగదు. అందుకే వైర్‌లెస్ హెడ్‌సెట్ పెట్టాం.

టీవీ పక్కన పెట్టే బేస్‌తో (సౌండును హెడ్‌సెట్‌కు పంపే పెట్టె) వచ్చే రేడియో రకం కొనండి. మామూలు బ్లూటూత్‌లో చాలాసార్లు పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వస్తుంది. చెవి తగ్గినవాళ్లు పెదవులు చూసి కూడా మాట పోల్చుకుంటారు, వాళ్లకది నరకం.

చాలా టీవీల వెనక ‘ఆప్టికల్’ అని రాసిన చిన్న చదరపు రంధ్రం ఉంటుంది. ఆప్టికల్ కేబుల్ కొసలకున్న ప్లాస్టిక్ టోపీలు తీసి, ఒక కొసను టక్కుమనేదాకా అందులోకి నొక్కండి. రెండో కొసలో ఎర్రటి వెలుగు కనిపిస్తే టీవీ నుంచి సిగ్నల్ వస్తున్నట్టే, ఆ కొసను బేస్‌లో పెట్టండి. అయినా హెడ్‌సెట్ మూగగా ఉంటే సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోను పీసీఎంకి (PCM, కుదించని మామూలు డిజిటల్ సౌండు) మార్చండి. ఆప్టికల్‌కు బదులు బేస్‌ను టీవీ హెడ్‌ఫోన్ రంధ్రానికి కలిపితే చాలా టీవీల్లో స్పీకర్ ఆగిపోతుంది, ఇక అమ్మకు వినబడదు.

సౌండు తగ్గించి పెట్టుకుని, మెల్లగా పెంచాలి. రాత్రి బేస్ మీద పెడితే చార్జ్ అవుతుంది, ప్లగ్ దగ్గర స్విచ్ కట్టేయకండి. చెవి మిషన్ వాడేవారైతే చెవిని పూర్తిగా కప్పే రకం తీసుకోవాలి. మిషన్ కుయ్‌మంటుందేమో షాపులోనే పెట్టి చూడండి.